పైరు పీల్చు గాలి, పైరు విడుచు నీరు
(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులకొఱకైన ఉపన్యాసము)

మెట్టపొలములో పైరు ఎండినప్పుడు “వాన లేదు” అను మాటతో విచారణ ముగియుచున్నది. వాన తక్కువ యనుట నిజమే. కాని కురిసిన వానలో పైరు త్రాగిన దెంత, పైరునకు అందకుండనే పోయిన దెంత యను లెక్కను మనము అరుదుగా చూచుచున్నాము. ఆ లెక్క తెలియవలెనన్నచో పైరు తన చుట్టునున్న గాలితోను, క్రిందనున్న నేలతోను జరుపు ఇచ్చిపుచ్చుకోలు ఎట్టిదో ఎరుగవలెను. ఈ దినమున మీకు మనవి చేయదలచిన విషయ మదియే.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము 1882లో ఏర్పడిన అనంతపురము జిల్లాలో చేరియుండెను. 2022 నుండి ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. జిల్లా పేరు మారినను ఆకాశము మారలేదు. నైరుతి మేఘములు తెచ్చు తడిని పడమటి కనుమలే చాలవఱకు దించుకొనును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానలు ఇచ్చటికి వచ్చునప్పటికి పలుచబడును. ఉమ్మడి అనంతపురము జిల్లాకు సాలీనా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు. 1876-78 నాటి ధాతకఱవును మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. ఇట్టి సీమలో నీటి లెక్క తెలిసిన రైతునకు, తెలియని రైతునకు గల భేదము ఒక్కొక్కయేట గింజకును గడ్డికిని గల భేదమంత యగును.

పైరు దేనితో పెరుగును?

మొక్క మట్టిని తిని పెరుగునని పూర్వము పలువురు తలచెడివారు. వాన్ హెల్మాంటు అను యూరపుఖండపు పండితుడు 200 పౌనుల ఎండుమట్టిలో 5 పౌనుల మొక్కను నాటి, వాననీరు మాత్రమే పోసి 5 సంవత్సరములు పెంచెను. చెట్టు 169 పౌనులు తూగినది. మట్టి తగ్గినది 2 ఔన్సులే. ఈ వృత్తాంతము 1648లో అచ్చుపడినది. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని యతడు తీర్మానించెను. అది సగము సత్యము. మిగిలిన సగము గాలిలో నున్నది. పచ్చని ఆకు వెలుతురులోనున్నప్పుడు మాత్రమే గాలిని శుభ్రపఱచుచున్నదని 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు నిరూపించెను.

ఎండిన పైరును తూచినచో అందు నూటికి 40 పాళ్లకు పైగా బొగ్గు పదార్థముండును. ఈ బొగ్గు ఎరువునుండి వచ్చినది కాదు. గాలియందలి బొగ్గుపులుసు వాయువునుండి వచ్చినది. ఆకు ఆ వాయువును లోనికి గ్రహించి, వేరు పంపిన నీటితో చేర్చి, ఎండ బలముచే చక్కెరగా మార్చును; ప్రాణవాయువును వెలికి విడుచును. ఆ చక్కెరయే తరువాత నూనెగా, పిండిగా, నారగా మారును. వేరుసెనగ పప్పులోని నూనె, రాగిలోని పిండి, మల్బరీ ఆకులోని సత్తువ అన్నిటికిని మూల మిదియే.

అయితే ఈ వాయువు గాలిలో మిక్కిలి పలుచగా నున్నది. పదివేల పాళ్ల గాలిలో నాలుగు పాళ్లు మాత్రమే. అంత పలుచని సరకును కూర్చుకొనుటకు ఆకు తన ద్వారములను పగటివేళ చాలసేపు తెరచి యుంచక తప్పదు. అక్కడనే నీటి చిక్కు మొదలగుచున్నది.

ఆకునందలి ద్వారములు

ఆకు చర్మమునందు కంటికి కనబడని సన్నని రంధ్రములు గలవు. వీనికి పత్రరంధ్రములని పేరు. ఒక్క చదరపు మిల్లీమీటరులో నూటికి పైబడి యుండుట సాధారణము. ప్రతి రంధ్రమునకు రెండువైపుల పెదవులవంటి రెండు కణములు కావలి కాయుచుండును. అవి నీటితో ఉబ్బినప్పుడు రంధ్రము తెరచుకొనును. నీరు తగ్గి సడలినప్పుడు మూసికొనును. తెల్లవారి వెలుతురు తగులగానే తెరచుకొనుటయు, చీకటి పడగానే మూసికొనుటయు మన పైరులలో పెక్కింటికి స్వభావము.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. లేత మల్బరీ ఆకు నొకదానిని కోసి, బాగుగ కాగిన నీటిలో ముంచి చూడుడు. ఆకు లోపలి గాలి వేడికి వ్యాకోచించి అడుగువైపున సన్నని బుడగలుగా వెలువడును. మల్బరీకి ద్వారములు ఆకు అడుగువైపుననే యుండుట దీనికి కారణము. వేరుసెనగ కైనచో ఆకునకు రెండువైపులను గలవు. మఱియొక పరీక్ష: పొలములో నిలిచియున్న కొమ్మకు తెల్లని ప్లాస్టిక్ సంచిని తొడిగి మూతి బిగించి కట్టుడు. ఎండ యెక్కిన కొంతసేపటికి సంచి లోపల నీటిబొట్లు కనబడును. ఆ నీరు వేరునుండి కాండము ద్వారా ఆకునకెక్కి, ఆవిరియై ద్వారములగుండ వెలువడినది. ఈ క్రియను బాష్పోత్సేకమందురు.

గాలి వచ్చు ద్వారమును, నీరు పోవు ద్వారమును ఒక్కటియే. బొగ్గుపులుసు వాయువు లోనికి రావలెనన్న ద్వారము తెరువవలెను. తెరచినంతనే లోపలి తడి పొడిగాలిలోనికి పోవును. వేరు పీల్చిన నీటిలో నూటికి 97 పాళ్లకు తక్కువ కాకుండ ఈ విధముగనే పోవుచున్నది. పైరు శరీరములో నిలుచునది మిక్కిలి స్వల్పము. ఇది పైరు చేయు దుబారా యని తలపరాదు. ఈ ప్రవాహముతోనే నేలలోని లవణములు ఆకునకు చేరును. ఈ ఆవిరివలననే మండుటెండలో ఆకు చల్లబడును. మధ్యాహ్నవేళ తడి గల పొలములోని ఆకును, బెట్టకు వచ్చిన పొలములోని ఆకును చెంపకు తాకించి చూచిన, చల్లదనపు భేదము తెలియును.

నేలలో పదును తగ్గినప్పుడు వేరును ఆకును ఒక విధమైన రసమును పుట్టించి ద్వారములను మూయించును. వేరుసెనగ ఆకులు నడిమధ్యాహ్నము చేతులు జోడించినట్లు ఒండొంటికి చేరి నిలుచుట మీరందఱును చూచినదే. ఎండ తగులు వైశాల్యమును తగ్గించుకొని నీరు మిగుల్చుకొను ఉపాయమది. ప్రాణము నిలుచును గాని పెరుగుదల నిలిచిపోవును. లోనికి గాలి రానిచో చక్కెర లేదు. చక్కెర లేనిచో కాయ లేదు. కావున ఆకు పచ్చగా నున్నంతమాత్రమున పైరు పెరుగుచున్నదని నమ్మి యూరకుండరాదు. బెట్టలో నిలిచిన పది దినములు పైరునకు బ్రతుకుదినములే గాని పండుదినములు కావు.

ఆషాఢమాసపు గాలి సంగతి మీకు చెప్పనక్కఱలేదు. ధర్మవరము, పెనుకొండల నడుమ రామగిరి కొండలమీద గాలిమరలు నిలుపుటకు ఆ గాలియే కారణము. ఆకు నంటియున్న తడిగాలి పొరను ఈ ఈదరగాలి క్షణక్షణమును తుడిచికొనిపోవును. అందుచే ఆవిరి మఱింత వేగముగ పోవును. ఎండ యొకటియే కాక గాలియు నీటిని దోచుచున్నదని గుర్తింపవలెను.

ఒక్క కిలోకు ఎంత నీరు?

పైరు తన యెండుబరువులో ఒక కిలో పెరుగుటకు ఎన్ని కిలోల నీటిని ఆకులగుండ విడుచునో పలువురు కొలిచి చూచిరి. మన దేశమున బీహారులోని పూసాలో జె. డబ్ల్యు. లెదర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1910 ప్రాంతమున కుండలలో పైరులు పెంచి ఈ పరీక్షలు జరిపెను. అమెరికాలోని కొలరాడోలో బ్రిగ్స్, షాంట్జ్ అను నిరువురు అదేకాలమున విరివిగా పరీక్షించిరి. వారి లెక్కలో జొన్నకును కొఱ్ఱజాతికిని సుమారు 300, గోధుమకు సుమారు 500, లూసర్ను గడ్డికి 800కు పైగా కిలోల నీరు పట్టినది. గాలి యెంత పొడిగా నున్న నీరంత యెక్కువ పట్టును గాని పైరుల తారతమ్యము మాత్రము ఇంచుమించుగ ఇట్లే యుండును.

జొన్న, సజ్జ, కొఱ్ఱ, రాగి, మొక్కజొన్న తక్కువ నీటితో ఎక్కువ బరువు పెరుగుటకు కారణమేమో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనువారు 1966లో విశదపఱచిరి. ఈ పైరులు బొగ్గుపులుసు వాయువును ముందుగ ఒకచోట గట్టిగ పట్టి, తరువాత లోపలి కణములకు అందించును. కావున ద్వారములు కొంచెము తెరచినను వీనికి పని జరుగును. వేరుసెనగ, కంది, మల్బరీ, వరి ఆ శక్తి లేనివి. ఇవి ఎక్కువ తెరువవలెను, ఎక్కువ నీరు విడువవలెను. మన పొలముల గట్లమీద పెరుగు కిత్తనార, నాగజెముడు మార్గము వేఱు. అవి పగలు ద్వారములు మూసికొని రాత్రి చల్లదనమున తెరచి వాయువును నిలువచేసికొనును. నీటి ఖర్చు మిక్కిలి తక్కువ, పెరుగుదలయు నెమ్మది. మన పూర్వులు రాగి, కొఱ్ఱలను మెట్టకు ఏర్పఱచుకొనుట, గట్టునకు కిత్తనారను పెట్టుట నీటి లెక్కకు సరిపోయిన పనులే.

ఇక వేరుసెనగ లెక్క చూతము. ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసిన, దిగిన నీరు సుమారు 1,02,800 లీటర్లు. ఎకరమునకు 600 కిలోల కాయయు, 1,000 కిలోల ఎండుకట్టెయు పండినవనుకొందము. మొత్తము 1,600 కిలోలు. కిలోకు 500 లీటర్ల చొప్పున వేసిన 8 లక్షల లీటర్లు, అనగా ఇంచుమించు 8 అంగుళముల వాన. సాలీనా 22 అంగుళములు కురియుచోట 8 అంగుళములు ఆకులగుండ పోయిన, మిగిలిన 14 ఏమైనవి? కొంత పైరు లేని కాలమున కురిసినది. కొంత వాలువెంట పాఱి, సారమైన పైమట్టిని వెంటగొని వాగున పడినది. కొంత వేరునకు అందని లోతునకు దిగినది. కొంత సాళ్లనడుమ వట్టినేల మీదుగ ఆవిరియైనది. కొంత కలుపు త్రాగినది. కలుపుమొక్క ఆకునకును ఇట్టి ద్వారములే గలవు. అదియు పగలంతయు నీటిని విడుచును.

నీరు పొలమును విడుచు ఈ మార్గములలో పైరు ఆకుగుండ పోవునది ఒక్కటియే పంటగా మారుచున్నది. దానిని మనము ఆపలేము, ఆపరాదు. తక్కిన మార్గములను మూసి, ఆ నీటిని పైరు ఆకువైపు మఱలించుటయే మెట్టసాగు రహస్యము.

వేరుసెనగ కాయకు సున్నపుసత్తువ

వేరుసెనగ విషయమున ఈ విద్యవలన తెలియు ముఖ్యాంశ మొకటి కలదు. నేలలోని సున్నపుసత్తువ నీటి ప్రవాహముతో పైకి పోవును. ఎక్కడ ఆవిరి పోవుచున్నదో అక్కడకే చేరును. ఆకునుండి ఆవిరి పోవును గనుక ఆకునకు చేరును. ఊడ దిగి మట్టిలో నున్న కాయనుండి ఆవిరి పోదు. కావున వేరు పీల్చిన సున్నపుసత్తువ కాయకు రాదు. ఆకునకు పోయినది మఱల క్రిందికి దిగదు. కాయ తన చుట్టునున్న మట్టితడినుండి తానే దానిని పీల్చుకొనవలెను. చుట్టు సత్తువ లేకున్నను, తడి లేకున్నను కాయ లొట్టపోవును. పైరు పచ్చగా నుండియు కాయలు తాలుగా వచ్చుటకు ఇదియొక కారణము.

అందుచేత జిప్సమును ఎకరమునకు 200 కిలోల చొప్పున తొలిపూత కాలమున, మొక్క మొదళ్ల చెంత, ఊడలు దిగు తావున వేసి మట్టిలో కలిపి మొదళ్లకు మట్టి యెగద్రోయవలెను. దూరముగ సాళ్లనడుమ వెదజల్లినచో ప్రయోజనము తగ్గును. విత్తిన 45 దినముల తరువాత గుంటక త్రోలరాదు. దిగిన ఊడలు తెగును. అటుపై కలుపును చేతితోనే తీయవలెను.

మల్బరీయాకు, పట్టుపురుగు

ధర్మవరపు మగ్గములకు పట్టు కావలెను. హిందూపురమున పట్టుగూళ్ల మార్కెట్టు కలదు. ఆ గూటికి మూలము మల్బరీయాకు. పట్టుపురుగు నీరు త్రాగదు. దానికి కావలసిన తడియంతయు ఆకునుండియే రావలెను. ఆకు తెల్లవారుజామున నీటితో నిండియుండును. మధ్యాహ్నమునకు వేరు పంపుదానికంటె ఎక్కువ విడిచి వాడును. కావున ఆకును ప్రొద్దుననో, సాయంకాలము చల్లబడిన పిదపనో కోయవలెను. కోసిన తరువాతను ఆకునుండి తడి పోవుచునే యుండును. ఎండలో కుప్పవేయక, నీడయందు తడిగోనెపట్టాల క్రింద నిలువచేయవలెను. అయితే ఆకు ఊపిరియు తీయును. బిగదొక్కి పోసిన వేడెక్కి చెడును. కావున వదులుగా పోసి నడుమనడుమ కలియబెట్టవలెను. చాకీ పురుగులకు తడి యెక్కువగల లేతయాకు నిచ్చుట మఱవరాదు.

వేరు కూడ ఊపిరి పీల్చును

గాలి ఆకునకే కావలెనని తలపరాదు. వేరు రాత్రింబగళ్లు ప్రాణవాయువును పీల్చుచు బొగ్గుపులుసు వాయువును విడుచుచుండును. నేలలోని సందులన్నియు నీటితో నిండి నిలిచిన వేరునకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. అందుచేతనే నీట మునిగిన వేరుసెనగ, కంది, నీటి నడుమనుండియే వాడును. వరికి ఆకునుండి వేరువఱకు లోపల గాలిదారులు గలవు గనుక అది నిలువనీటిలో బ్రతుకును. చెఱువు ఆయకట్టులో మెట్టపైరు పెట్టువారు నీరు తీయుటకు కాలువ ముందుగ చేసికొనవలెను.

మన యెఱ్ఱగరప నేలలకు మఱియొక దోషము కలదు. గట్టివాన కురిసి ఎండ కాయగానే నేలపైన పెచ్చు కట్టును. ఆ పెచ్చు మొలకను పైకి రానీయదు, గాలిని లోనికి పోనీయదు, రెండవ వానను ఇంకనీయదు. పెచ్చును పగులగొట్టుట వేరునకు ఊపిరి నిచ్చుటయే.

వేరుసెనగ, కంది వేళ్లపై నుండు బుడిపెలలో సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరున కిచ్చుచున్నవి. బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబిరంగు లేక ఎఱుపు కనబడిన అది పనిచేయుచున్నదని గుర్తు. తెల్లగానో ఆకుపచ్చగానో యున్నచో పనిచేయుటలేదు.

రైతులు చేయవలసిన పనులు

1. తొలకరికి ముందే వాలునకు అడ్డముగ దున్ని, గొఱ్ఱుతో విత్తుటయు వాలునకు అడ్డముగనే చేయవలెను. ప్రతి సాలును ఒక చిన్న కట్టయై పాఱునీటిని ఆపి ఇంకించును. గట్లు తెగియున్న వానకు ముందే కట్టవలెను.

2. వేసవిలో చెఱువుమట్టిని తోలవలెను. ఎఱ్ఱగరప నేల తడిని పట్టి నిలుపజాలదు. చెఱువుమట్టి, పశువులయెరువు ఆ గుణమును పెంచును. ఒక వానకు మఱియొక వానకు నడుమ పైరు నిలుచు దినములు దీనివలన పెరుగును.

3. కలుపు చిన్నదిగా నుండగనే గుంటకతో తీసివేయవలెను. కలుపు పెద్దదైన పిమ్మట తీసిన, అది త్రాగవలసిన నీటిని త్రాగియే పోయినది. గుంటక త్రోలుటవలన పెచ్చు పగులును, పైపొర పొడియై క్రింది తడి కొంత నిలుచును. కాని కలుపు పోవుటయే దీనివలని ప్రధానలాభము.

4. పొలమంతయు వేరుసెనగయే వేయక, 7 సాళ్లకు 1 సాలు కంది వేయవలెను. కందివేరు లోతుగ దిగి వేరుసెనగకు అందని తడిని పైకి తెచ్చును. వేరుసెనగ కోసిన తరువాత వచ్చు ఈశాన్యపు వానను వాడుకొనును. కొంత భూమిని రాగికి, కొఱ్ఱకు, జొన్నకు విడుచుట నీటి లెక్కకు మేలు.

5. పొలములో దిగువమూలను నీటికుంట త్రవ్వి పాఱునీటిని పట్టవలెను. విత్తిన 20-40 దినముల నడుమ కొలదిపాటి బెట్టను వేరుసెనగ తట్టుకొనును. ఊడలు దిగునప్పుడును కాయ యూరునప్పుడును వచ్చిన బెట్ట పంటను తీయును. గట్టిపడిన నేలలోనికి ఊడ దిగజాలదు. కుంటనీటిని ఆ సమయమునకే దాచవలెను. ఎకరమునకు 20 మిల్లీమీటర్ల తడి యిచ్చుటకు సుమారు 81,000 లీటర్లు కావలెను. కుంట కొలతను దీనినిబట్టి నిర్ణయించుకొనుడు.

6. గాలివాటపు గట్లమీద కానుగవంటి చెట్లను పెంచవలెను. ఈదరగాలి తగ్గును, ఆకు పచ్చిరొట్టకు పనికివచ్చును. బావిక్రింద మల్బరీ సాళ్లనడుమ ఎండుటాకును, చెత్తను పఱచిన వట్టినేల ఆవిరి తగ్గును.

కొందఱు విద్యావంతులు, గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుచున్నది గనుక పైరునకు మేలే యని చెప్పుచున్నారు. పూర్వము పదిలక్షల పాళ్లలో 280 యుండినది నేడు 420 దాటిన మాట సత్యము. దానివలన వేరుసెనగవంటి పైరులు ద్వారములను కొంత తక్కువ తెరచియు పని జరుపుకొనగలవు. కాని ఆ వాయువే భూమి వేడిమిని పెంచుచున్నది. వేడిమి పెరిగిన పొడిగాలి ఆకునుండి మఱింత నీటిని లాగును. ఆ లాభమును నమ్మి గట్టును కట్టకుండుట వివేకము కాదు.

రైతు మహాశయులారా! వానను కురిపించుట మనచేత కాదు. కురిసిన వానను పొలములో నిలుపుట, దానిని కలుపునకు గాక పైరున కిచ్చుట మనచేతనైన పని. ఈ యేడు మీ పొలములో ఒక యెకరమును వేఱుపఱచి, వాలునకు అడ్డుసాళ్లు, సకాలపు కలుపుతీత, మొదట జిప్సము అను మూడు పనులు మాత్రము తప్పక జరిపి, కోతనాడు ఆ యెకరపు కాయను ప్రక్క యెకరపు కాయతో తూచి చూడుడు. ఆ తూకమును ఇరుగుపొరుగు రైతులకు చూపుడు. మీ పొలములో మీరు తూచిన తూకమే వారికి చాలిన నిదర్శనము.